మిస్ బ్రౌన్ చేసిన నేరం ఏమిటి?

పుస్తకం మీద నిషేధం అనగానే మనకి ముందుగా గుర్తొచ్చేది 'రాధికా సాంత్వనం'. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వేయించిన ఆ కావ్యం ప్రతుల్ని మరుసటి ఏడాదే పోలీసులు పట్టుకుపోయారు. పైకి చెప్పిన కారణం అశ్లీలం. కానీ రాసిన ముద్దుపళనీ, అచ్చు వేయించిన నాగరత్నమ్మా ఆ కులంలో పుట్టకపోయి ఉంటే, అసలు ఆడవాళ్ళే కాకపోయి ఉంటే, ఆ అశ్లీలం అంతగా కంట్లో నలుసయ్యేదా? పుస్తకం మీద పెట్టిన కేసులో అసలు ముద్దాయి ఎవరు అన్న ఈ అనుమానంతోనే, ఒక అమెరికన్ లైబ్రేరియన్ కథని కూడా చదవాలంటాన్నేను.

ఓక్లహోమా రాష్ట్రంలో బార్ట్‌లెస్‌విల్ అనే చిన్న ఊరు. ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. రూత్ బ్రౌన్ 1919 నుంచీ ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీలో లైబ్రేరియన్. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరు అనాథ అక్కచెల్లెళ్ళని తెచ్చి పెంచుకుంది. ఊళ్ళో అందరికీ మిస్ బ్రౌనే. తెల్లవాళ్ళకొక బడి, నల్లవాళ్ళకొక బడి అని చట్టమే విడదీసిన రాష్ట్రమది. 1946లో ఆమె మరికొందరితో కలిసి జాతి వివక్షకి వ్యతిరేకంగా ఒక చిన్న సంఘం పెట్టింది. ఆ సంఘం తర్వాత 'కాంగ్రెస్ ఆఫ్ రేషియల్ ఈక్వాలిటీ'కి అనుబంధమయింది.

1950 మొదట్లో ఇద్దరు నల్లజాతి టీచర్లతో కలిసి ఆమె ఊళ్ళో ఒక మందుల షాపుకి వెళ్ళింది. ఆ రోజుల్లో అక్కడి మందుల షాపుల్లోనే కాఫీ, ఫలహారం దొరికే కౌంటర్లుండేవి. ముగ్గురూ కూర్చున్నారు. వాళ్ళకి ఎవరూ ఏమీ తెచ్చి పెట్టలేదు. గ్రీన్స్‌బరోలో విద్యార్థులు ఇలాగే కౌంటర్ ముందు కూర్చుని దేశాన్ని కదిలించింది 1960లో. అంటే ఇది దానికి పదేళ్ళ ముందు మాట.

ఆ ఫిబ్రవరిలోనే కొందరు 'పౌరులు' నగర కమిషన్ దగ్గరికి వెళ్ళారు. ఫిర్యాదు దేని గురించి? ఫలహారం కౌంటర్ గురించి కాదు. లైబ్రరీలో 'ది నేషన్', 'ది న్యూ రిపబ్లిక్', 'సోవియట్ రష్యా టుడే' పత్రికలున్నాయట, అవి దేశద్రోహాన్ని నూరిపోస్తున్నాయట! సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టుల జాబితా నా చేతిలో ఉందంటూ ప్రసంగించిన నెల కూడా అదే. కాలం కలిసొచ్చింది.

లైబ్రరీ బోర్డు ఆమె పక్షాన నిలబడింది. దాంతో కమిషన్ నిబంధన మార్చి, అధికారం తన చేతిలోకి తీసుకుని, బోర్డునే మార్చేసింది. జూలై 25న బ్రౌన్‌ని పిలిపించి మూసిన తలుపుల వెనక విచారించారు. పత్రికలతో మొదలైన ప్రశ్నలు ఆమె సొంత జీవితంలోకి వెళ్ళాయి. లైబ్రరీ విషయాలకి జవాబు చెప్తాను, నా సొంత విషయాలు అడగదలిస్తే రాసి ఇవ్వండి, రాసే జవాబిస్తాను అందామె. ఈ మాటని నేను పదే పదే తలుచుకుంటాను. అక్షరంతో ముప్ఫై ఏళ్ళు బతికిన మనిషికే తడుతుంది అలాంటి జవాబు. కాగితం మీద పెట్టలేని ప్రశ్న అడిగే హక్కు మీకు లేదని చెప్పడమే కదా అది. ఆ రోజే ఉద్యోగం తీసేశారు. కోర్టుకెళ్ళినా తిరిగి రాలేదు.

వృత్తి సంఘాలు ఊరుకోలేదు, నిజమే. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే గ్రంథాలయ హక్కుల ప్రకటన చేసింది, 1948లో దాన్ని మరింత గట్టిపరిచింది. కాబట్టి పత్రికల విషయంలో నిరసన తెలిపారు. ఫలహారం కౌంటర్ గురించి మాత్రం అంతా మౌనం. అలమరలో ఏ పుస్తకం ఉండాలన్నది వృత్తి ధర్మం, లైబ్రేరియన్ ఎవరి పక్కన కూర్చుందన్నది ఆమె గొడవ అని ఎక్కడో ఒక గీత గీసుకున్నారు. ఆ గీతని గీసింది బ్రౌన్ కాదు. అన్ని రకాల అభిప్రాయాలూ చదవనివ్వాలని నమ్మిన మనిషి, ఆ చదివేవాళ్ళని మాత్రం రంగు చూసి వేరుచేయడానికి ఎలా ఒప్పుకుంటుంది? జాతి కారణంగా లైబ్రరీ వాడుకునే హక్కుని ఎవరికీ కాదనరాదని ఆ ప్రకటనలో ఒక వాక్యం చేరడానికి 1961 దాకా పట్టింది.

ఈ ఉదంతం ప్రేరణగా 1956లో 'స్టార్మ్ సెంటర్' అనే సినిమా వచ్చింది. బెటీ డేవిస్ లైబ్రేరియన్‌గా నటించింది. అందులో ఒక కమ్యూనిస్టు పుస్తకాన్ని తీసేయనంటుంది కథానాయిక. జాతి ఊసే లేదు. అలా ఆమె చరిత్ర సెన్సార్‌షిప్ కథగా స్థిరపడిపోయింది. లూయిస్ రాబిన్స్ 2000లో పుస్తకం వేసి ఆ టీచర్లనీ ఆ కౌంటర్‌నీ మళ్ళీ కథ మధ్యకి తెచ్చింది. బార్ట్‌లెస్‌విల్ లైబ్రరీలో బ్రౌన్ కంచు విగ్రహం పెట్టింది 2007లో.

ఉద్యోగం పోయేనాటికి ఆమెకి దాదాపు 59 ఏళ్ళు. ఆ ఊరు వదిలి మిసిసిపీ వెళ్ళి, పైనీ వుడ్స్ అనే నల్లజాతి పిల్లల బడిలో పనికి చేరింది. ఆ తర్వాత కొలరాడోలోని స్టెర్లింగ్‌లో మళ్ళీ లైబ్రేరియన్ అయింది.