నూనె కింద తుప్పు

మనందరికీ బాగా తెలిసిన బగ్గు ఒకటుంటుంది. అందరికీ రాదు, కొందరికే వస్తుంది. అదీ రోజూ రాదు. మన మెషీన్ మీద తలకిందులుగా తపస్సు చేసినా రాదు. ఆఖరికి విసుగొచ్చి, యూజర్ సరిగ్గా వాడలేదని రాసి టికెట్ మూసేస్తాం. సరిగ్గా ఇలాంటి బగ్గే ఒకటి, కంప్యూటర్లు పుట్టకముందు, ముప్ఫై ఏళ్ళకు పైగా వేటగాళ్ళనీ సైన్యాలనీ ఏడిపించింది. నాకు తుపాకులంటే ప్రత్యేకించి మోజేమీ లేదు గానీ బగ్గుల కథలంటే మహా ఇష్టం. అందుకే ఈ టపా.

సమస్య ఇదీ. సీజన్ అయిపోయాక తుపాకీని శుభ్రంగా తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెడతారు. బ్రిటన్లో ఫెజంట్ పక్షుల వేట ఫిబ్రవరి 1తో ముగుస్తుంది, గ్రౌస్ పక్షుల వేట ఆగస్టు 12న మొదలవుతుంది. ఆ మధ్య ఆర్నెల్లూ తుపాకీకి సెలవులే. మన దేశంలో షికారు నడిచిన రోజుల్లో అయితే చలికాలం, ఎండాకాలం వేట, వానాకాలం విశ్రాంతి. అంటే గాలిలో తేమ ఎప్పుడు ఎక్కువో సరిగ్గా అప్పుడే తుపాకీ మూల పడుంటుందన్నమాట. తీరా సీజన్ మొదలై పెట్టె తెరిస్తే, పైన నూనె అలాగే ఉంటుంది. దాని కింద గొట్టం లోపల మాత్రం తుప్పు!

నూనె మంచిది కాదేమో అంటారా? అప్పట్లో దొరికే నూనెల్లో పేరున్నది రంగూన్ ఆయిల్. బర్మా బావుల్లోంచి తీసిన ముడి చమురుని శుద్ధి చేసే పని లండన్లో ప్రైసెస్ అనే కొవ్వొత్తుల కంపెనీ 1850లలోనే మొదలుపెట్టింది. తుపాకులు తుప్పు పట్టకుండా ఆ నూనె తెగ వాడేవారు. (అన్నట్టు, రంగూన్ పేరు వింటే మనవాళ్ళు గుర్తుకు రాక మానరు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనే పిలిచేవారు.) నూనె మంచిదే. దాని పని అది చేసింది కూడా. తప్పు ఇంకోచోట ఉంది.

ఆ ఇంకోచోటు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాతకాలపు తుపాకిమందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు. కాల్చాక గొట్టం నిండా మసి పేరుకుపోయేది. అది నూనెకి లొంగదు, నీళ్ళతో కడగాల్సిందే. ఇష్టమున్నా లేకపోయినా అందరూ కడిగేవారు. ఇక ఆ మందుని అంటించడానికి 1807లో స్కాట్లండ్ పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బ తగిలితే పేలే మిశ్రమానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ మిశ్రమాల్లో పొటాషియం క్లోరేట్ ఒక ముఖ్యమైన దినుసు. తర్వాత వచ్చిన క్యాపుల్లో, తూటాల వెనకుండే ప్రైమర్లలో కూడా అదే కొనసాగింది. క్లోరేట్ మండితే ఆక్సిజన్ పోతుంది, పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకి స్వయానా తమ్ముడన్నమాట. గుండు వెళ్ళిన ప్రతిసారీ గొట్టమంతా సన్నగా ఉప్పు చల్లినట్టే. అయినా బాధ లేదు. మసి కోసం పోసిన నీళ్ళలో ఉప్పు కూడా కొట్టుకుపోయేది. ఉప్పుందని ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

1884లో ఫ్రాన్సులో పాల్ వియ్యే పొగరాని మందు కనిపెట్టాడు. 1886లో ఆ మందు వాడే లెబెల్ రైఫిల్ వచ్చింది, మిగతా దేశాలు పరిగెత్తుకుంటూ దాని వెనకే వచ్చాయి. కొత్త మందు మసి దాదాపు మిగల్చదు. గొట్టంలోకి చూస్తే అద్దంలా మెరుస్తోంది. ఇంక నీళ్ళెందుకు? గుడ్డతో తుడిచి నూనె రాస్తే సరి. అలా నీళ్ళు మానేశారు. తుప్పు మొదలైంది.

మన భాషలో చెప్పాలంటే, పాత కోడ్లో ఎవరూ డాక్యుమెంట్ చెయ్యని ఒక సైడ్ ఎఫెక్ట్ సిస్టమ్ని కాపాడుతోంది. కొత్త వెర్షన్లో ఆ కోడ్ అనవసరమని తీసేశారు. అంతే!

మరి నింద ఎవరి మీద పడింది? సహజంగానే కొత్తగా వచ్చినదాని మీద. పొగరాని మందు ఆమ్లాలు మిగులుస్తోందన్నారు. వాయువులు ఉక్కు రంధ్రాల్లోకి దూరి, తర్వాత మెల్లగా చెమటలా బయటికొస్తున్నాయన్నారు. దానికి తగ్గట్టు రకరకాల ద్రావకాలు అమ్మారు. సమస్య కొన్నాళ్ళు కనపడేది, కొన్నాళ్ళు కనపడేది కాదు. ఎందుకంటే అది వాతావరణాన్ని బట్టి నడిచే బగ్గు. మామూలు వేడిలో గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే పొటాషియం క్లోరైడ్ ఆ తేమని పీల్చుకుని తనే కరిగి ఉప్పునీరైపోతుంది. పొడి ఊళ్ళో ఏడాదంతా ఏమీ కాదు. అదే తుపాకీని వానాకాలంలో మా కోస్తా జిల్లాల్లో పెట్టి చూడండి.

1922లో అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్‌లో విల్బర్ట్ హఫ్ అనే రసాయన శాస్త్రవేత్త నూనె పొరల కింద తుప్పు గురించి ఒక నివేదిక ప్రచురించాడు. దోషి మందు కాదు, ప్రైమర్లోంచి వచ్చిన ఉప్పు. నూనెలో ఉప్పు కరగదు. కాబట్టి నూనె ఎంత రాసినా ఉప్పు మీద దుప్పటి కప్పినట్టే. పల్చటి నూనె పొరలోంచి తేమ మెల్లగా దిగుతుంది, కింద ఉప్పు దానికోసమే కాచుకుని ఉంటుంది. మందు ఏమిటయ్యా అంటే, నీళ్ళు! ఇనుముకి తుప్పు పట్టకూడదంటే ముందు నీళ్ళు పొయ్యాలి, ఆరనివ్వాలి, అప్పుడు నూనె రాయాలి.

కారణం తెలియకపోయినా, అనుభవం మీద ఈ చిట్కా పట్టుకున్నవాళ్ళు అంతకుముందే ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలో త్రీ నాట్ త్రీ రైఫిళ్ళ గొట్టంలో మరిగే నీళ్ళు పొయ్యడానికి ప్రత్యేకంగా ఒక గరాటే ఉండేది. మరిగే నీళ్ళే ఎందుకంటే, ఉప్పు కరగడమే కాదు, ఉక్కు వేడెక్కి తనంతట తనే ఆరిపోతుంది.

అసలు నన్ను ఆలోచింపజేసింది ఈ తర్వాతి భాగం. ఉప్పు మిగల్చని ప్రైమర్ జర్మనీలో సినాక్సిడ్ పేరుతో 1928లోనే వచ్చేసింది. క్లోరేట్ తీసేసి బేరియం నైట్రేట్ పెట్టారు. అయినా అమెరికా సైన్యం మామూలు రైఫిల్ తూటాల్లో పాత ప్రైమర్నే 1950ల మొదటిదాకా కొనసాగించింది. కారణం లేకపోలేదు. క్లోరేట్ ప్రైమర్ గోదాముల్లో ఏళ్ళ తరబడి పాడవకుండా ఉంటుందని వాళ్ళకి గట్టి నమ్మకం. యుద్ధంలో తూటా పేలకపోవడం కంటే గొట్టం కడుక్కోవడం నయం కదా. కాదనలేం.

కానీ ఒక మినహాయింపు ఉంది. 1941లో తీసుకున్న ఎం1 కార్బైన్‌కి మాత్రం మొదట్నుంచీ తుప్పు పట్టించని ప్రైమరే ఇచ్చారు. ఎందుకంటే దాని గ్యాస్ పిస్టన్‌ని సిపాయి తనంతట తాను విప్పి శుభ్రం చేసుకోవడం కష్టం. దీని అర్థం ఏమిటంటే, భారం సిపాయి మీద వెయ్యడం కుదరనిచోట కారణాన్నే సరిచేశారు. కుదిరినచోట అతని మీదే వదిలేశారు, తుప్పు పడితే తప్పు అతనిదే అన్నారు.

హఫ్ నివేదిక రాకముందు రోజుల్లో, చెప్పినట్టే తుడిచి, చెప్పినట్టే నూనె రాసి, అయినా తనిఖీలో గొట్టంలో ఎర్రమచ్చ కనపడి తిట్లు తిన్న సిపాయిల గురించి ఆలోచిస్తుంటాను. రైఫిల్ తుప్పు పట్టించుకోవడం ఏ సైన్యంలోనైనా నేరమే. "నూనె రాశాను సార్" అన్న మనిషి అబద్ధం ఆడట్లేదు. చెప్పిన పద్ధతే తప్పు. ఆ మాట నమ్మి, నూనె కింద ఏముందో చూడాలని ఒకరికి అనిపించడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

అందుకే "యూజర్ ఎర్రర్" అని రాసి మూసేసిన టికెట్లంటే నాకు అనుమానం. వాటిల్లో కొన్ని నిజంగా యూజర్ తప్పులే అయి ఉండొచ్చు. కానీ ఒకే తప్పు పదిమంది చేస్తున్నారంటే, అది పదిమంది తప్పు కాదు. కింద ఎక్కడో ఉప్పుంది.