దుర్గి ఉలి, బడి పిల్లలు, ఆధునిక కళ

పలనాటి ఊరు దుర్గిలోని రాతి శిల్పుల మీద వచ్చిన రాతలు చాలామటుకు ఒకే మాటతో మొదలవుతాయి: వీరు నాగార్జునకొండ శిల్పుల వారసులని. వినడానికి గర్వంగానే ఉంటుంది, రుజువు మాత్రం పలచన. నాగార్జునకొండ దగ్గరి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిది. ఆనాటి శిల్పులు చెక్కిందీ పలనాటి సున్నపురాయినే. రాయి ఒకటైనంత మాత్రాన వంశం తెగకుండా వచ్చిందనలేం. పైగా ఈ కథనం దుర్గి ఉలిని గతానికి కట్టేసి, ఆధునిక కళతో దానికి సంబంధమే లేదనిపిస్తుంది. నిజానికి ఆ కళ చరిత్రను పిల్లలచేత చేయిస్తూ చెప్పడానికి ఇంతకంటే అనువైన ఊరు తెలుగునాట అరుదు.

అదెందుకో తెలియాలంటే మన దగ్గర కళ ఎలా నేర్పారో చూడాలి. ఆ బోధన తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ పెట్టిన కళాశాల, రాజమండ్రిలో కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం, 1923లో చిత్రకారుడు దామెర్ల రామారావు తెరిచిన చిత్రకళాశాల, 28 ఏళ్లు నిండకుండానే 1925లో ఆయన మరణం. ఆ తర్వాతంతా డ్రాయింగు మాస్టర్ల కాలమనీ, తప్పంతా దొరల పరీక్షలదనీ తేల్చేయడం పరిపాటి.

ఆ తీర్పు సగమే నిజం. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలను ఈ లెక్కలో ఎవరూ సరిగా చూడలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య అక్కడ చదువు పక్కనే చేతిపనులు నేర్పించారు. ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు బొమ్మ నేర్చుకున్నది అక్కడే. చదువు, పనిముట్టు, కుంచె ఒకే కప్పు కిందికి వచ్చాయి. లోటు లేదని కాదు. చూపు ఎక్కువగా బెంగాల్ శైలి వైపే ఉండేది. అయినా ఆ కలయిక విలువైనది. 1937 నాటి గాంధీజీ వార్ధా విద్యా పథకం దాన్ని దేశమంతటికీ చెప్పజూసింది. సేవాగ్రామ్‌లో కళా ఉపాధ్యాయుడు దేవీ ప్రసాద్ పిల్లలతో చేసి చూపించారు. మామూలు బడికి వచ్చేసరికి చేతిపని ఒక పీరియడ్, డ్రాయింగు ఇంకో పీరియడ్ అయ్యాయి. లోయర్, హయ్యర్ డ్రాయింగు పరీక్షలను స్వాతంత్ర్యం వచ్చాక కూడా మోసుకొచ్చింది మనమే.

ఇక్కడే దుర్గి అక్కరకొస్తుంది. ఫ్రెంచ్ శిల్పి రోడిన్ పాలరాతి శిల్పాలను చాలావరకు సహాయకులు చెక్కేవారు. 1907లో కొద్దికాలం ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన బ్రాంకూసీ, దుర్గి శిల్పిలాగే తానే ఉలి పట్టి నేరుగా రాతిలోకి దిగాడు. 1916లో ఆయన చెక్కిన ‘ముద్దు’ ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది, అదీ సున్నపురాయే. రెండు దేహాలూ దిమ్మ దాటి బయటికి పోవు. ఈ సంగతి పదేళ్ల పిల్లకు ఉపన్యాసంతో ఎక్కదు. చేతికి ఒక సబ్బు బిళ్ల, ఒక చెంచా ఇవ్వండి. చెయ్యి చాచిన బొమ్మ చెక్కబోతే చెయ్యి విరుగుతుంది. రెండోసారి తనే చేతిని ఒంటికి దగ్గరగా పెడుతుంది. అప్పుడు బ్రాంకూసీ బొమ్మ చూపిస్తే చాలు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు గనుక చిన్నపిల్లలకు రాయి వద్దు, సబ్బే మేలు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక పదో తరగతి దాకా కళావిద్య తప్పనిసరి అంది. 2020 విద్యా విధానం కళను పాఠాల్లో కలపమంది. బడిలో ‘ప్రాజెక్టు’ అంటే నేటికీ చాలాచోట్ల కొని తెచ్చిన బొమ్మలు చార్టుకు అతికించడమే. దుర్గి శిల్పానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అమ్మకానికి అది మంచిదే, తరగతి గదికి సరిపోదు. పలనాడు జిల్లా విద్యాధికారులు వారానికి ఒక్క పూటైనా శిల్పిని హైస్కూలుకు పిలవాలి, అతిథిగా కాదు, జీతమిచ్చి ఉపాధ్యాయుడిగా.