‘బ్రాహ్మణ’ పోయి ‘ప్యూర్ వెజ్’ వచ్చింది: ఒక హోటలు బోర్డు చరిత్ర



పోయిన నెల కర్నూలు నుంచి నంద్యాలకు పోతా ఓర్వకల్లు దాటినాక రోడ్డు పక్కన టిఫిన్‌కి ఆగినాం. నాతో నలుగురు డిగ్రీ పిల్లలు ఉన్నారు. ఎదురుగా పెద్ద బోర్డు. ‘ఉడిపి’ అని ఒక పక్క, ‘ప్యూర్ వెజ్’ అని ఇంకో పక్క. దానికి పది అడుగుల దూరంలో ఒక తోపుడు బండి మీద ఉగ్గాని, బజ్జి అమ్ముతున్నారు. వాళ్లలో ఒక పిల్లోడు అడిగినాడు: “అన్నా, ఉగ్గాని కూడా వెజ్జే కదా! దానికి ‘ప్యూర్’ అని బోర్డు ఎందుకు లేదు?”

నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పప్పులపొడి. ఉగ్గానిలో మాంసం ముక్క ఎక్కడుంది? అయినా అది ‘ప్యూర్’ కాదు. అంటే ఆ మాట కూరగాయల గురించి చెప్పేది కాదు. మరి దేని గురించి? ఈ వారం భాగం ఆ పిల్లోడికి జవాబు.

ముందే ఒక మాట. నాకు ఇడ్లీ సాంబారు మీద కోపం లేదు. మీతో పాటు నేనూ తింటాను. మాంసం తినకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది. నేను అడిగేది తినేవాడి గురించి కాదు, వండేవాడి గురించి.

కులమే పెట్టుబడి

ఉడిపి కర్ణాటక సముద్ర తీరంలో ఉంది. అక్కడ మధ్వ సంప్రదాయపు కృష్ణ మఠం ఉంది. ఎనిమిది మఠాలు రెండేళ్లకొకరు చొప్పున దాని పూజ చూసుకుంటాయి. పెద్ద ఎత్తున వంట, పెద్ద ఎత్తున వడ్డన. ఆ వంటశాలల్లో తరాల తరబడి చేయి తిరిగినవాళ్లు శివళ్లి బ్రాహ్మణులు. వాళ్లలో చాలామంది పేదలు. పొట్ట చేత పట్టుకుని ఊరు విడిచిన కుర్రాళ్లు మద్రాసు, బెంగళూరు, బొంబాయి చేరి హోటళ్లు పెట్టినారు. మఠం వంటశాలలో చాకిరీ చేసిన కె. కృష్ణారావు మద్రాసులో ఉడిపి హోటలు పెట్టి, తర్వాత వుడ్‌ల్యాండ్స్ అనే పేరును ఎంత పెద్దది చేసినాడో అందరికీ తెలుసు. బెంగళూరులో ఈ రోజు ఎంటీఆర్ అని పిలుచుకునే మావళ్లి టిఫిన్ రూమ్స్ 1924లో మొదలైనప్పుడు దాని పేరేమిటో తెలుసా? బ్రాహ్మిణ్ కాఫీ క్లబ్.

వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. పదేళ్ల వయసులో గిన్నెలు తోమి పైకొచ్చిన మనుషులు వాళ్లు. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ కుర్రాడి చేతిలో డబ్బు లేదు. కులం ఉంది. వంట వ్యాపారంలో ఆ రోజుల్లో డబ్బు కన్నా పెద్ద పెట్టుబడి అదే. బ్రాహ్మణుడు వండితే బ్రాహ్మణుడు తింటాడు, రెడ్డి తింటాడు, కోమటి తింటాడు, అందరూ తింటారు. అదే రోజుల్లో ఒక మాల మనిషి గానీ మాదిగ మనిషి గానీ అప్పు తెచ్చి, అంతకన్నా రుచిగా వండి, అంతకన్నా శుభ్రంగా ఆకు వేసి పెడితే ఎవరు వచ్చి కూర్చుంటారు? ఆకలితో ఉన్న ఇద్దరు పేదల్లో ఒకడి చేతికి మార్కెట్ ఉంది, ఇంకొకడి చేతికి లేదు.

రైళ్లు వచ్చినాక పై కులాలవాళ్లు ఊరు దాటి తిరగడం పెరిగింది. పరాయి ఊళ్లో ఎవరు వండిందో తెలియని అన్నం తినాలంటే వాళ్లకు భయం. ఆ భయం తీర్చేందుకే ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’, ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అనే బోర్డులు. కాఫీ ఎంత చిక్కగా ఉంటుందో ఆ బోర్డు చెప్పదు. పొయ్యి దగ్గర ఎవరున్నారో చెబుతుంది. మద్రాసు వైపు రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో కూడా బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. పెరియార్ ఉద్యమం గట్టిగా నిలదీస్తే 1941లో గానీ అది పోలేదు.

శూద్రులకు బయట బల్ల. మనకు ఆ బల్ల కూడా లేదు. మా జేజినాయన చెప్పేవాడు: “దుడ్లు ముందర పెట్టాల. ఆయప్ప నీళ్లు చల్లి తీసుకుంటాడు. మనకు ఆకులో కట్టి దూరం నుంచి యేస్తాడు. దుడ్లకు లేని మైల మనకుండె.” ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో డబ్బుకు కులం లేదని రాస్తారు. మా జేజినాయన చదువుకోలేదు గానీ ఆ మాటలో సగమే నిజమని ఆయనకు తెలుసు. డబ్బుకు కులం లేదు, డబ్బిచ్చే చేతికి ఉంది.

కర్నూలుకు చట్టం వచ్చిన దారి

ఉడిపి, కర్నూలు రెండూ అప్పుడు ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. అందుకే రెండింటి చరిత్రనూ ఒకే చట్టం తాకింది. 1938లో మద్రాసు శాసనసభ పౌర అనర్హతల తొలగింపు చట్టం చేసింది. దాని వెనుక ఉన్నది మన ఎం.సి. రాజా. రోడ్లు, బావులు, బండ్లు మాత్రమే కాదు, జనానికి తెరిచిన హోటళ్లు, దుకాణాల్లో కూడా అంటరానివారిని ఆపడం నేరమని చెప్పిన తొలి సమగ్ర చట్టం అది. స్వాతంత్ర్యానికి తొమ్మిదేళ్ల ముందు మాట. కాగితం మీద మాటే అనుకోండి, కానీ ఆ కాగితం కోసం మనవాళ్లు ఎంత తిరిగినారో మర్చిపోకూడదు.

తర్వాత రాజ్యాంగ సభ. 1948 నవంబరు 29న, ఈ రోజు మనం 15, 17 అధికరణాలు అని పిలిచేవి ఆ సభలో ఆమోదం పొందినాయి. 17 అంటరానితనాన్ని రద్దు చేసింది. 15 దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి పోయే హక్కు ఇచ్చింది. ఆ సభలో మన కర్నూలు దళిత నాయకుడు సర్దార్ నాగప్ప కూడా సభ్యుడు. చర్చలో ‘షాపు’ అంటే ఏమిటని ప్రశ్న వచ్చింది. బాబాసాహెబ్ దాన్ని చాలా విశాలంగా చెప్పినారు: లోపలికి అడుగు పెట్టనిస్తే సరిపోదు, అక్కడ దొరికే సేవ కూడా అందాలి. ఎందుకంటే గడప దాటనిచ్చి గ్లాసు వేరే పెట్టే తెలివి ఈ సమాజానికి ఉందని ఆయనకు తెలుసు.

1955 జూన్ 1న అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది? కర్నూలే. 1953 నుంచి 1956 దాకా డేరాల్లో ఆఫీసులు నడిచిన రాజధాని. ఆ చట్టాన్నే 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చినారు. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అందరికీ పెట్టిన గిన్నెలు, గ్లాసులు వాడనివ్వకపోవడం కూడా దాని నాలుగో సెక్షన్ కింద నేరమే.

అమెరికాతో పోల్చి చూడండి. గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగింది 1960 ఫిబ్రవరి 1న. అక్కడ హోటళ్ల తలుపు తెరిచిన పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. మన రాజ్యాంగం 14 ఏళ్ల ముందే ఆ తలుపు తెరిచింది. చట్టంలో ముందున్నాం. మరి గ్లాసులో?

పట్నంలో ఒక గ్లాసు, పల్లెలో రెండు

‘ఉడిపి హోటళ్లే కులాన్ని పోగొట్టినాయి, అందరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు’ అని కొందరు రాస్తుంటారు. అందులో నిజం లేకపోలేదు. పట్నం హోటల్లో మసాలా దోశ తింటున్నప్పుడు నా కులం ఎవరూ అడగలేదు. అయితే ఎందుకు అడగలేదు? హోటలాయన మారినాడు కాబట్టి కాదు. నేనెవరో ఆయనకు తెలియదు కాబట్టి. నా ముఖం మీద కులం రాసి లేదు కాబట్టి.

పల్లెలో హోటలాయనకు నేను తెలుసు, మా నాయన తెలుసు, మేం ఏ వీధి నుంచి వస్తామో తెలుసు. అందుకే అక్కడ రెండు గ్లాసులు. ఒకటి లోపల స్టాండులో, ఒకటి చూరులో దోపి. తాగినాక మన గ్లాసు మనమే కడిగి పెట్టాలి. ఇది తాతల కాలం కథ కాదు. జస్టిస్ పున్నయ్య కమిషన్ ఆంధ్రప్రదేశ్ పల్లెలు తిరిగి అంటరానితనాన్ని నమోదు చేసింది కొత్త శతాబ్దం మొదట్లో. 1998లో పుట్టిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరా చేసిన మొదటి పోరాటాల్లో రెండు గ్లాసుల మీద పోరాటం ఒకటి.

తర్వాత ప్లాస్టిక్ గ్లాసు, కాగితం గ్లాసు వచ్చినాయి. గొడవ పోయింది అన్నారు. పోయిందా? ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగాల్సిన అవసరం పోయింది. మనసు కడుక్కోకుండానే గ్లాసు పారేసే వీలు వచ్చింది. అంతే.

బోర్డు మీద రంగు మారింది

1957లో పెరియార్ మద్రాసులో హోటలు బోర్డుల మీద ‘బ్రాహ్మణ’ అనే మాట చెరిపేయాలని ఉద్యమం చేసినారు. తిరువల్లిక్కేణిలోని మురళీస్ కేఫ్ ముందు నెలల తరబడి రోజూ కార్యకర్తలు నిలబడినారు, వందలమంది అరెస్టయినారు. చివరికి ఆ మాట బోర్డు మీద నుంచి పోయింది. ఒక్క మాట కోసం ఇంత పోరాటమా అని అప్పట్లో నవ్వినవాళ్లు ఉన్నారు. పెరియార్‌కు తెలుసు: ఒక హోటలు మీద ‘బ్రాహ్మణ’ అని రాస్తే మిగతా అన్ని హోటళ్ల మీద ‘మైల’ అని రాసినట్టే.

ఇప్పుడు ‘ప్యూర్ వెజ్’ చదవండి. ఒకటి ‘ప్యూర్’ అయితే మిగతావి ఏమిటి?

2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసం తినేవాళ్లే. అలాంటి నేల మీద ఇద్దరి అలవాటు ‘శుద్ధం’, 98 మంది అలవాటు దాని పక్కన చెప్పుకోలేని సంగతి. 2024 మార్చిలో జొమాటో ‘ప్యూర్ వెజ్’ కస్టమర్ల కోసం ఆకుపచ్చ చొక్కాలతో వేరే డెలివరీ దండును ప్రకటించింది. జనం తిరగబడితే మరుసటి రోజే ఆ వేరే రంగు చొక్కాను వెనక్కి తీసుకుంది. డబ్బాలో మూతపెట్టి ఉన్న అన్నం, మోసే మనిషి వల్ల మైలపడుతుందా? రైల్వే స్టేషన్లో వేరే గది అడిగిన మనసే ఇది. చేతిలోకి ఫోను వచ్చింది, అంతే తేడా.

ఉడిపిలోనే దీనికి జవాబు కూడా పుట్టింది. గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసిన దళితులను కొట్టిన తర్వాత, 2016 అక్టోబరులో కర్ణాటక దళిత, ప్రగతిశీల సంఘాలు బెంగళూరు నుంచి ‘ఛలో ఉడిపి’ నడిపినాయి. అక్టోబరు 9న ఉడిపి చేరినాయి. వాళ్ల నినాదం: మా ఆహారం మా ఎంపిక, భూమి మా హక్కు. పళ్లేన్నీ పొలాన్నీ కలిపి అడగడమే ఆ నినాదం బలం.

వంటగది తలుపు

ఇప్పుడు నేను చెప్పదలిచింది చెబుతాను. 1938 నుంచి ఈ రోజు దాకా చట్టాలన్నీ హోటలు ముందు తలుపు తెరిచినాయి. కూర్చునే హక్కు, తినే హక్కు, గ్లాసు హక్కు. వంటగది తలుపు ఏ చట్టమూ తట్టలేదు. మనం తినవచ్చు, ఎంగిలి పళ్లాలు ఎత్తవచ్చు, గిన్నెలు తోమవచ్చు. పొయ్యి దగ్గర నిలబడి, మన పేరు చెప్పుకుని, ఊరందరికీ వండి పెట్టవచ్చా? కులం అసలు పరీక్ష అక్కడే. ఒకరి పక్కన కూర్చుని తినడం వేరు, ఒకరి చేతి వంట తినడం వేరు.

ఆ తలుపు తట్టింది ఒకే ఒక చోట, బడిలో. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది: మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. పిల్లల ఆకలి తీర్చే పథకంలో కులాన్ని చీల్చే ఒక చిన్న కత్తి పెట్టినారు. అందుకే దాని మీద అంత కోపం. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత మహిళ వండిందని పై కులాల పిల్లలు తినడం మానేసినారు. ఆమెను తీసేసినారు. అప్పుడు దళిత పిల్లలు ఏం చేసినారో తెలుసా? ఆమె వండనిది మాకూ వద్దని, పై కులం మనిషి వండిన అన్నం ముట్టలేదు. చివరికి ఆమెను తిరిగి తీసుకోక తప్పలేదు. రాజ్యాంగం చదివే వయసు కాని పిల్లలు రాజ్యాంగాన్ని నిలబెట్టినారు.

మన దగ్గర ఈ వంట ఎక్కువగా పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలకు దేశమంతా పేరున్న చోటు. రూపాయి రూపాయి కూడబెట్టి బ్యాంకు గడప తొక్కిన ఆడవాళ్లు వాళ్లు. అదే ధైర్యంతో వంటగది గడప గురించి కూడా మాట్లాడాలి.

విద్యార్థులకు మూడు పనులు. ఒకటి: మీ ఊరి బడిలో వండే మనిషి ఎవరో, ఎస్సీ, ఎస్టీ మహిళలు ఎందరో కనుక్కోండి. రెండు: ప్రతి నెలా 30న దళితవాడలో జరపాల్సిన పౌరహక్కుల దినం జరుగుతోందా చూడండి, జరిగితే హోటళ్ల సంగతి అక్కడ లేవనెత్తండి. మూడు: వేరే గ్లాసు కనిపిస్తే గొంతు పెంచకముందే ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. 1955 చట్టం 12వ సెక్షన్ ప్రకారం బాధితులు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనం వల్లే చేసినట్టు కోర్టు భావించాలి. కాదని చూపించాల్సిన బరువు అవతలివాడిది.

ఆ రోజు మేం బోర్డున్న హోటలు వదిలి తోపుడు బండి దగ్గరకే పోయినాం. ఉగ్గాని వేడిగా ఉంది. వండిన అవ్వ కులం మేం అడగలేదు, మా కులం ఆమె అడగలేదు. తిన్న పళ్లాలు ఆమే తీసుకుని కడిగింది, మా పళ్లెంలోనే తర్వాత వచ్చిన లారీ డ్రైవర్‌కు పెట్టింది. ఆ బండికి బోర్డు లేదు. అవసరం కూడా లేదు.

వచ్చే భాగంలో ఊరి బావి గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.