ఏడు షిల్లింగుల ‘ఫెయిర్’

ఆస్ట్రేలియాలో పదిమంది చేరిన చోట ‘ఫెయిర్’ అనే మాట వినబడకుండా ఉండదు. ఎవరికైనా అవకాశం ఇచ్చి చూడమనాలంటే ‘ఫెయిర్ గో’ ఇవ్వమంటారు. చెబుతున్నది నిజమేనని నొక్కి చెప్పాలంటే ‘ఫెయిర్ డింకమ్’ అంటారు. జాతీయ గీతం పేరులోనూ ఆ మాటే ఉంది, అక్కడ అందమైనదని అర్థం. 2009లో వచ్చిన కార్మిక చట్టం పేరు ఫెయిర్ వర్క్ యాక్ట్. ఇంతగా వాడితే ఏ మాటైనా అరిగిపోతుంది, ఎవరికి కావలసిన అర్థం వాళ్లు పెట్టుకుంటారు. ఈ మాటకీ ఆ గతి చాలాసార్లు పట్టింది. అయినా కూలి విషయంలో అది ఇప్పటికీ నిలబడి ఉందంటే, 1907లో ఒక న్యాయమూర్తి దాన్ని రొట్టె, మాంసం, ఇంటద్దెల లెక్కలోకి దించడమే కారణమని నా అభిప్రాయం.

స్వదేశీ వ్యవసాయ యంత్రాల పరిశ్రమకు పార్లమెంటు 1906లో దిగుమతి సుంకాల రక్షణ కల్పించింది. ఆ లాభమంతా యజమానుల జేబులోకే పోకుండా దేశంలో తయారయ్యే యంత్రాల మీద ఎక్సైజ్ సుంకం వేసి, కార్మికులకు ‘ఫెయిర్ అండ్ రీజనబుల్’ వేతనం ఇస్తే దాన్ని మాఫీ చేస్తామంది. ఆ రెండు విశేషణాలకు అర్థమేమిటో మాత్రం చట్టంలో రాయలేదు. మెల్‌బోర్న్ పడమట, ఇప్పుడు సన్‌షైన్ అని పిలిచే చోట గోధుమ కోత యంత్రాలు తయారుచేసే హ్యూ విక్టర్ మెకే మాఫీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణ న్యాయమూర్తి హెన్రీ బోర్న్స్ హిగ్గిన్స్ ముందుకు వచ్చింది. బేరమాడుకుంటే కుదిరే కూలే ఫెయిర్ అయితే ఈ చట్టంతో పనేముంది, కాబట్టి కొలత మరొకటి ఉండాలి అన్నాడు హిగ్గిన్స్. నాగరిక సమాజంలో మనిషిగా బతకడానికి కార్మికుడికి మామూలుగా ఏమేం కావాలో అదే ఆ కొలత. కార్మికుల భార్యలు కోర్టుకొచ్చి తమ ఇంటి ఖర్చులు చెప్పారు. సుమారు ఐదుగురున్న ఇంట్లో అద్దె, సరుకులు, రొట్టె, మాంసం, పాలు, కూరగాయలు, వంటచెరకు కలిపితే వారానికి 32 షిల్లింగుల 5 పెన్నీలు తేలింది. మామూలు కూలీకి మెకే ఇస్తున్నది రోజుకు 6 షిల్లింగులు, అంటే వారానికి 36. మిగిలే 3 షిల్లింగుల 7 పెన్నీలతోనే దీపం ఖర్చు, బట్టలు, బూట్లు, సామాన్లు, పిల్లల చదువు, ట్రాము చార్జీలు, పత్రికలు, పొగాకు, జబ్బులు, చావులు, చందాలు అన్నీ గడవాలి. తన లెక్కలోకి రాని ఈ ఖర్చులన్నిటినీ హిగ్గిన్స్ తీర్పులో వరుసగా రాశాడు. నా దృష్టిలో ఆ తీర్పుకు ప్రాణం ఆ జాబితాలోనే ఉంది. 1907 నవంబర్ 8న ఆయన రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42 అని తేల్చాడు.

దీని మీద అభ్యంతరాలు లేకపోలేదు. 42 అనే అంకె ఆ ఇంటి ఖర్చుల కూడికలోంచి పుట్టలేదు. లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థలు అప్పటికే 7 షిల్లింగులు ఇస్తున్నాయని హిగ్గిన్సే తీర్పులో ఆధారం చూపించాడు. ఇది నిజమే. కానీ ఇంటి ఖర్చుల పని వేరు: 6 షిల్లింగులు చాలవని అవే రుజువు చేశాయి. ఇక రెండో అభ్యంతరం, తీర్పు కోర్టులో నిలవలేదని. మెకే సుంకం కట్టనన్నాడు, 1908లో హైకోర్టు 3–2 మెజారిటీతో ఆ చట్టాన్నే కొట్టేసింది. చట్టం పోయినా కొలత పోలేదు. కార్మిక వివాదాలు తేల్చే మధ్యవర్తిత్వ న్యాయస్థానం అధ్యక్షుడిగా 1921 దాకా ఉన్న హిగ్గిన్స్ దాన్ని ఒక పరిశ్రమ తర్వాత మరో పరిశ్రమకు వర్తింపజేశాడు. ఈ కూలి ఇవ్వలేని గని మూతపడితే నష్టమే గాని, మనుషులు పస్తులుండడం అంతకంటే పెద్ద నష్టమని 1909లో బ్రోకెన్‌హిల్ కేసులో తేల్చి చెప్పాడు. అలా స్థిరపడ్డ మూల వేతనం (బేసిక్ వేజ్) 1967 దాకా ఆ పేరుతోనే సాగింది. మాంద్యం రోజుల్లో, 1931లో, అదే న్యాయస్థానం నిజ వేతనాల్లో పది శాతం కోత పెట్టిన మాట కూడా చెప్పాలి. అయినా కోత పడినప్పుడు దేంట్లోంచి ఎంత పోయిందో చెప్పగలిగే అంకె అప్పటికి కార్మికుల చేతిలో ఉంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. హిగ్గిన్స్ ఊహించిన కుటుంబంలో సంపాదించేది మగవాడు, అతని వెనుక భార్య, ముగ్గురు పిల్లలు. ఒంటరిగా ఇల్లు నడిపే స్త్రీ ఆ లెక్కలో లేదు. 1912లో మిల్డూరా పండ్ల తోటల కేసులో, కాయలు కోసే స్త్రీలకు మగవాళ్లతో సమానంగా గంటకు ఒక షిల్లింగు ఇమ్మన్న ఆయనే, పండ్లు పెట్టెల్లో సర్దడం ఆడవాళ్ల పని అని 9 పెన్నీలు చాలన్నాడు. అసలు సుంకంతో కూలిని ముడిపెట్టే పద్ధతే మచ్చ లేనిది కాదు. తెల్లవాళ్ల చేత పండించిన చెరకుకే ప్రోత్సాహకం ఇచ్చిన 1903 నాటి చక్కెర చట్టం దానికి దగ్గరి చుట్టం. 1901 వలసల చట్టం మనవాళ్లలాంటి వాళ్లకు తలుపులు మూసింది. ఉత్తర ప్రాంతపు పశువుల స్టేషన్లలో, అంటే పెద్ద పశుక్షేత్రాల్లో, పనిచేసే ఆదివాసులకు సమాన వేతనం ఇవ్వాలని 1966 మార్చిలో తీర్పు వచ్చినా, అమలు 1968 డిసెంబర్‌కు వాయిదా పడింది. 1966 ఆగస్టులోనే తమ నాయకుడు విన్సెంట్ లింగియారి వెంట గురిండ్జీ ఆదివాసులు వేవ్‌హిల్ స్టేషన్ వదిలి నడిచి వెళ్లిపోయారు. వాళ్లు తర్వాత అడిగింది కూలి ఒక్కటే కాదు, తమ భూమి కూడా. ఇదంతా చూసి ఫెయిర్ అన్నది తెల్ల మగవాళ్లు కప్పుకున్న ముసుగు అనేవాళ్లున్నారు. చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ కోపాన్ని కాదనలేరు. నేను ఒప్పుకోనిది ఒకటే, ఆ కొలత పనికిరానిదనడం. 1969, 1972 సమాన వేతన తీర్పులు వచ్చింది అదే వ్యవస్థలో, అవే న్యాయస్థానాల వారసుల ముందు వాదించి. మాకు దక్కనిదేమిటో ఇదుగో అని అంకెతో చూపించగలగడం ఆ వాదనకు బలమిచ్చింది.

ఈ చర్చ మనకు కొత్త కాదు. బరంపురం తెలుగువాడు వి.వి.గిరి, బ్యాంకు ఉద్యోగుల వేతనాల తీర్పును మంత్రివర్గం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవే వదులుకున్నాడు. 1957లో పదిహేనవ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి కొలత పెట్టింది: ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం, యూనిట్‌కు 2,700 క్యాలరీల తిండి, నలుగురున్న ఆ కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. హిగ్గిన్స్ వేసిన ప్రశ్నే అది. మన దగ్గర ఆ కొలత కాగితం మీద ఉన్నంత గట్టిగా కూలీ చేతిలోకి రాలేదు.

మూసిన తలుపులు తెరుచుకున్నాక వెళ్లిన తెలుగు పిల్లలు ఇప్పుడు మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదువుకుంటూ పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో, గిడ్డంగుల్లో పార్ట్‌టైమ్ పని చేస్తున్నారు. విదేశీ విద్యార్థులకు సగం కూలి ఇచ్చి, వీసా భయం చూపి నోరు మూయించిన సంగతి 2015లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో బయటపడి దేశమంతా మారుమోగింది. మనవాడే కదా, ఊరుగాని ఊళ్లో పని ఇచ్చాడు కదా అని తక్కువ కూలికి సర్దుకుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సర్దుబాటును న్యాయమని ఒప్పుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. 2025 జూలైలో జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది, క్యాజువల్ పనివాళ్లకు దాని మీద 25 శాతం అదనం. వీసాను బట్టి ఆ రేటు మారదు. కావాలని తక్కువ ఇవ్వడం 2025 జనవరి 1 నుంచి దేశవ్యాప్తంగా క్రిమినల్ నేరం, ఫిర్యాదు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు చేయవచ్చు.