టవర్ లేని రన్‌వే

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఉద్యోగాలు చేసిన మన తరం వారికి ప్రయాణమంటే ఎర్ర బస్సు, కాజీపేట–బల్హార్షా లైను మీది రైలు గుర్తుకు వస్తాయి. ఈ ప్రాంతానికి విమానాల చరిత్ర కూడా ఉన్నదంటే మన మనుమలు నమ్మరు.

ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది. పెద్దపల్లి–రామగుండం మధ్య బసంత్‌నగర్‌లో, కేశోరాం సిమెంటు కర్మాగారం దగ్గర బిర్లా సంస్థ వేయించిన రన్‌వే మరొకటి. చిన్న ఊళ్లను కలపడానికి ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియా కలిసి 1981లో స్థాపించిన వాయుదూత్, ఆ దశకంలో హైదరాబాదు నుండి ఇక్కడికి విమానం నడిపింది. ఆ సంస్థ వాడిన డోర్నియర్ విమానంలో 19 సీట్లు. 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

కంట్రోల్ టవర్ లేని చిన్న మైదానంలో "దిగవచ్చు", "ఆగండి" అని చెప్పేవారు ఉండరు. పైలట్ తన కళ్లనే నమ్ముకోవాలి. గాలి వాలును చూపే గుడ్డ గొట్టాన్ని చూసి, గాలికి ఎదురుగా దిగాలి. మైదానం చుట్టూ నిర్ణీత పద్ధతిలో తిరిగి, పశువులు గాని మనుషులు గాని రన్‌వే మీద లేరని చూసుకోవాలి. తాను ఎక్కడున్నదీ, ఏం చేయబోతున్నదీ అందరూ వినే రేడియోలో చెప్పాలి. ఇతరులు చెప్పేది వినాలి.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో అమెరికాలోని క్విన్సీ ప్రమాదం చెబుతుంది. 1996 నవంబరు 19న, టవర్ లేని ఆ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుల విమానం దిగుతున్నది. దానికి అడ్డంగా పోయే రన్‌వే మీద మరో విమానం ఎగరడానికి సిద్ధంగా ఉన్నది. దిగేవారు, మీరు ఆగుతున్నారా అని రేడియోలో అడిగారు. జవాబిచ్చింది ఆ విమానం కాదు, దాని వెనుక నిలిచిన ఇంకో చిన్న విమానం. దిగేవారు ఆ జవాబు ముందున్న విమానానిదే అనుకున్నారు. ముందున్నవారు మాత్రం రేడియో వినలేదు, ఎదుట చూడలేదు. రెండూ ఢీకొన్నాయి. ప్రయాణికులు ఢీ తాకిడికి చనిపోలేదు. తలుపు తెరుచుకోలేదు, మైదానంలో అగ్నిమాపక యంత్రం లేదు. పొగ, మంటలలో మొత్తం 14 మంది పోయారు.

ఆదిలాబాద్ ఎయిర్‌స్ట్రిప్‌ను పౌర విమానాలకు కూడా వాడుకొనడానికి 2025లో వైమానిక దళం అంగీకరించింది. సంతోషమే. అయితే టిక్కెట్టు ఎంత అని అడిగేముందు మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. చుట్టూ కంచె ఉందా? రేడియో దగ్గర మనిషి ఉంటాడా? విమానం దిగే వేళకు ఫైరింజను సిద్ధంగా ఉంటుందా? ఆ విమానం ఎక్కేది మన పిల్లలే కదా!