స్కేలు తప్పిన కాలువ పటం

ప్రత్యేక సంచికకు పాత ముచ్చట ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, సర్వీసులో నేను చేసిన ఒక పొరపాటే మొదట జ్ఞాపకం వచ్చినది.

కర్నూలు–కడప కాలువ సంగతి మనకు కొత్త కాదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టి, 1870 నాటికి సుంకేసుల ఆనకట్ట నుండి కడప దాకా సుమారు 190 మైళ్ళు త్రవ్వించినది. పడవలు కూడా నడిపించారు. లాభం మాత్రం రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనుక్కున్నది.

నేను 1974లో గుమాస్తాగా చేరిన కార్యాలయంలో కాలువ పటాలు ట్రేసింగు గుడ్డ మీద ఉండేవి. వాటి నుండి తీసిన నీలి ఫెర్రో ప్రింట్లు బీరువా నిండా ఉండేవి. ఫెర్రో ప్రింటును నీళ్ళలో కడిగి ఆరవేస్తే కాగితం కాస్త ముడుచుకుపోతుంది. అందుకే ట్రేసర్లు ప్రతి పటం మూలన నలుపు తెలుపు గళ్ళతో స్కేలుపట్టీ గీసేవారు. కాగితం ముడుచుకుంటే పట్టీ కూడా అంతే ముడుచుకుంటుంది, కొలత తప్పదు. అప్పట్లో నేను దాన్ని అలంకారమనుకున్నాను!

1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినాక, రైతులకు పంచడానికి ఒక డిస్ట్రిబ్యూటరీ పటంతో చిన్న పుస్తకం వేయించవలసి వచ్చినది. డ్రాఫ్ట్స్‌మన్ పాత పటాన్ని ఆటోక్యాడ్‌లోకి ఎక్కించాడు. అందులో గీత ఎన్ని అడుగులో అన్ని అడుగులుగానే ఉంటుంది గనుక స్కేలుపట్టీ ఎందుకని వదిలేశాడు. ప్రెస్సులో కోరెల్ డ్రా ఉన్నది. దానికోసం పటాన్ని డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగా మార్చి ఫ్లాపీలో ఇచ్చాము.

ఈ డి.ఎక్స్.ఎఫ్. 1982లో ఆటోక్యాడ్‌తోనే పుట్టినది. తెరచి చూస్తే అంతా అక్షరాలు, అంకెలే. 10 అనే గుర్తు కింద అడ్డం కొలత, 20 కింద నిలువు కొలత. అయితే ఆనాటి ఫైళ్ళలో ఆ అంకె అడుగా, మీటరా అని తేల్చి చెప్పే వరుస ఉండేది కాదు. 2000 నాటి ఆటోక్యాడ్‌తో గాని అది రాలేదు. ఎనిమిది మైళ్ళ కాలువ అంటే 42,240 అడుగులు. కోరెల్ డ్రాకు అవి ఉత్త అంకెలు, పటం పేజీలో పట్టలేదు. ప్రెస్సు కుర్రవాడు మూల పట్టుకుని లాగి నాలుగు అంగుళాలకు కుదించాడు. ఊర్ల పేర్లు చెడిపోతే తెలుగులో మళ్ళీ కొట్టాడు. అతని తప్పేమీ లేదు. పాత పటం చూసి "1 అంగుళం = 1 మైలు" అని కింద వ్రాసి ఇచ్చినది నేను. ప్రూఫు మీద సంతకమూ నాదే.

పుస్తకాలు పంచిన వారానికి చాపాడు వైపు నుండి ఒక పెద్దాయన స్కేలుబద్ద పట్టుకుని వచ్చాడు.

"ఏం సార్, మా చేను కాలవకు రెండు మైళ్ళుండాది. మీ పటంలో ఒక మైలే. చేను దగ్గరికి జరిగిందే, నీళ్ళు జరగలేదే?"

ఆఫీసంతా నవ్వినది. నాకు మాత్రం నోట మాట రాలేదు. చివరి భూములకు నీరందక అల్లాడే రైతు, సర్కారు పటాన్ని నమ్మి బస్సెక్కి వచ్చాడు.

ఆ సాయంత్రమే డ్రాఫ్ట్స్‌మన్ చేత 5,280 అడుగుల గీతతో స్కేలుపట్టీ గీయించి, పటంతో కలిపి కొత్త ఫైలు పంపాను. ఇక ఎంత కుదించినా పట్టీ కూడా కుదించుకుపోతుంది. అంగుళం మాట కొట్టివేయించాను. మిగిలిన పుస్తకాల్లో సవరణ పటం నేనే అంటించాను.

పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు ఒక ప్రతి ఇచ్చాను. పంచె అంచు నుండి దారం పీకి పట్టీ మీద ఆనించి, కాలువ నుండి తన ఊరికి కొలిచాడు. "రెండే" అన్నాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నీళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.