అల్-ఫావ్ ప్రాసాదము

మయసభ కథను మీ రెఱుఁగుదురు. నేఁడు నేను చెప్పఁబోవునది పురాణగాథ కాదు. మన కాలముననే వెలసి, మన కాలముననే చేతులు మాఱిన యొక మేడ చరిత్రము. అది ఇరాకు రాజధానియగు బాగ్దాదు నగరమున, విమానాశ్రయమునకుఁ జేరువ నున్నది.

1980 మొదలు 1988 వఱకు ఇరాకు, ఇరాను దేశములకు ఘోరయుద్ధము జరిగెను. ఇరాకు దక్షిణపుఁ గొననున్న ఫావ్ ద్వీపకల్పమును ఇరానువారు 1986లో నాక్రమించిరి. 1988 ఏప్రిలులో ఇరాకుసేన దానిని మరలఁ గైకొనెను. ఆ విజయమునకు స్మారకముగా నిరంకుశాధిపతియగు సద్దాము హుస్సేను తరువాతి దశాబ్దమున నీ ప్రాసాదమును గట్టించెను. చుట్టును మానవనిర్మితమైన సరస్సు, చేరుటకు వంతెన, లోపలఁ జలువరాతి నేల, ఎత్తైన మంటపము, అందు వ్రేలాడు మహాదీపగుచ్ఛము.

ఆ కాల మెట్టిది? 1990లో కువైటును ఆక్రమించినందున ఐక్యరాజ్యసమితి ఇరాకుపై వర్తకనిర్బంధము విధించెను. ప్రజలు ప్రభుత్వము కొలిచి యిచ్చు పిండి, బియ్యములపై బ్రదుకుచుండిరి. మందులు కఱవు, శుభ్రమైన త్రాగునీరును గఱవే. ప్రభువు మేడచుట్టు మాత్రము సరస్సు నిండియుండెను.

2003లో అమెరికాసేనలు బాగ్దాదును బట్టుకొనెను. 2004 నుండి 2011 వఱకు నీ మేడయే విదేశసేనల ప్రధానస్థానము. చలువరాతి గదులలోఁ జెక్కపలకల యడ్డుగోడలు లేచినవి. సేనానుల బల్లలు వెలసినవి. చుట్టునున్న శిబిరమునకు 'విక్టరీ' యని పేరిడిరి, అనఁగా విజయము. ఒక విజయమునకై కట్టిన మేడ మఱియొక విజయమునకు విడిదియయ్యెను! కట్టించినవాఁడో, 2003 డిసెంబరులోఁ దన జన్మస్థానమగు తిక్రీతు ప్రాంతమున నేలబొఱియలో దొరకెను. ఆ శిబిరసముదాయమునందలి క్రాపరు చెఱలో బందీగానుండి, 2006 డిసెంబరు 30న ఉరిదీయఁబడెను.

పరసేనకు విశాలమైన గృహము సిద్ధముగా దొరకినది, సౌకర్యమే. కాని నిరంకుశుని గడప దాఁటి లోపలఁ గూర్చున్నవానిని జూచి, ప్రజలు దొర మాఱినాఁడనుకొందురేగాని దొరతనము మాఱినదని యెట్లు నమ్మెదరు? ఆ కావలిద్వారము సామాన్యునకు నాఁడును మూఁతయే, పిమ్మటను మూఁతయే.

2011 డిసెంబరులో శిబిరము ఇరాకు ప్రభుత్వము వశమయ్యెను. 2021 నుండి యా మేడలో నొక విశ్వవిద్యాలయము నడచుచున్నది. ప్రజాధనముతోఁ గట్టిన యింటిలోనికిఁ బ్రజల బిడ్డలు పుస్తకములు చేతఁబట్టి పోవుచున్నారు. ఆ సౌధము చూచిన విజయములలో నిదియే నిలువఁదగినదని నా తలంపు.